ఖాళీ వరసకు ఒక నిమిషం

నవంబరు 4, సోమవారం

నూట పాతికేళ్ళ సావనీరు నా మెడకే చుట్టుకుంది. హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, మీరు ఇక్కడే చదివారు, ఇక్కడే పాఠాలు చెబుతున్నారు, ఏప్రిల్లో రిటైరవుతున్నారు, స్కూలు చరిత్ర మీరు కాక ఇంకెవరు రాస్తారు మేడం అంది. సోషల్ టీచరంటే ఖాళీగా ఉండే మనిషని అనుకోవడం ఈ స్కూల్లో మొదటి నుంచీ ఉన్న సంప్రదాయం. అది కూడా రాయాలి.

నలభై పేజీలు. డిసెంబరు పద్నాలుగు, ఫౌండర్స్ డే నాటికి అచ్చయి చేతిలో ఉండాలి. టాపర్ల బోర్డు గురించీ, దాని మీది ఖాళీ వరస గురించీ మనసు పెట్టి రాయమంది.

సరేనన్నాను. ఇంకేమనను?

నవంబరు 5

హాల్లో స్టేజీ పక్కన టేకు బోర్డు. ఏటా పదో తరగతిలో ఫస్టు వచ్చినవాళ్ళ పేరు దాని మీద బంగారు రంగుతో రాస్తారు. ఆ పిల్ల చేతో పిల్లాడి చేతో ఫౌండర్స్ డే నాడు మొదటి గంట కొట్టిస్తారు. మిగతా ఏడాదంతా ఆ గంట కొట్టేది ఆయా.

1978 ఎదురుగా పేరు లేదు. ఫౌండర్స్ డే నాడు ప్రార్థన అయ్యాక స్కూలంతా లేచి నిలబడి, ఆ ఖాళీ వైపు చూస్తూ ఒక నిమిషం మౌనం పాటిస్తుంది. ఆ ఏడు ఫస్టు వచ్చిన కుర్రాడు ఎవరినో కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడట. నా పేరు ఎక్కడా రాయొద్దని పోతూ పోతూ చెప్పాడట. నేను చదువుకునే రోజుల్లో వాడు బావిలో పడ్డ పిల్లని తీయబోయి పోయాడు. నేను ఉద్యోగంలో చేరేసరికి లాబ్‌లో మంటల్లో పోయాడు. ఈ మధ్య బస్సు కింద పడుతున్నాడు. నా ఎరుకలోనే మూడుసార్లు చచ్చాడు పాపం. ఎన్నిసార్లు చచ్చినా కుర్రాడే.

ఆ ఏడు ఫస్టు వచ్చింది మా అక్క. చావలేదు. బజారు వీధి చివర మిషన్ కుట్టుకుంటోంది. కుట్టేది ఈ స్కూలు యూనిఫాంలే.

అదే రోజు, సాయంత్రం 6

ఇది నాకు ఎప్పుడు తెలిసిందంటే, మొదటి నుంచీ తెలుసు. అప్పట్లో గంట కొట్టే ఆయా మా అమ్మ. ఆ ఏడు సెకండు వచ్చింది స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారబ్బాయి. గంట కొట్టేదాని కూతురి పేరు అతన్ని దాటి బోర్డెక్కడమా? పోనీ అతని పేరే రాద్దామంటే మార్కుల లిస్టు అందరూ చూశారు. అప్పటి హెడ్మాస్టరు ఏదీ రాయలేదు. పామూ చావలేదు, కర్రా విరగలేదు. గంట కొట్టడానికి మీ ఇంట్లోంచి ఒక మనిషి ఉంది కదమ్మా, ఇంకొకరెందుకు అని అమ్మతో నవ్వుతూ అన్నాడట.

తర్వాత అమ్మకి భుజం పడిపోతే అక్క చదువు మానేసి రెండేళ్ళు అదే గంట కొట్టింది. రోజుకి తొమ్మిదిసార్లు.

ఇక చచ్చిపోయిన కుర్రాడంటారా, ఖాళీ ఎందుకని ఏ పిల్లో అడిగి ఉంటుంది, ఏ మాస్టారో నోటికొచ్చింది చెప్పి ఉంటాడు. సంప్రదాయాలు పుట్టడానికి అంతకన్నా ఏం కావాలి?

స్టూడెంటుగా మూడుసార్లు, టీచరుగా ముప్ఫై రెండుసార్లు నేనూ ఆ నిమిషం నిలబడ్డాను. చేతులు కట్టుకుని, తల వంచుకుని.

నవంబరు 11, సోమవారం

కమిటీ మీటింగ్. కరస్పాండెంటు గారు ఒక ఇత్తడి పలక చేయిస్తున్నారట. ‘పేరు కోరని త్యాగికి’ అని చెక్కించి, 1978 వరస మీద స్క్రూలతో బిగిస్తారట. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆనాటి ప్రెసిడెంటు గారబ్బాయే ఈ కరస్పాండెంటు.

పలక బిగిస్తే ఇక ఆ వరసలో ఎవరి పేరూ పట్టదు. అక్కకి అరవై రెండు. చూసుకుంటే ఇప్పుడే చూసుకోవాలి. పలక కన్నా ముందు పేరు పడాలి. రాస్తాను.

నవంబరు 16, శనివారం, ఉదయం 11

రికార్డు రూములో దుమ్ముకి తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రబడింది. మార్కుల రిజిస్టరు దొరికింది. అక్క 531. కరస్పాండెంటు గారు 512. ఆ పేజీలో మడత పెట్టి ఒక కాగితం ఉంది.

అక్క చేతిరాత. ‘నా పేరు బోర్డు మీద రాయవద్దని ఇష్టపూర్వకంగా కోరుతున్నాను. నా చెల్లెలికి ఆరో తరగతిలో సీటు ఇప్పించ ప్రార్థన.’ కింద సంతకం. పక్కన అమ్మ వేలిముద్ర. మూలన ఎర్ర సిరాతో హెడ్మాస్టరు రాత: సీటు ఇవ్వండి.

స్కూల్లో పనిచేసేవాళ్ళకి ఇంటికి ఒక సీటే. అది ఈ స్కూలు ఘనమైన పద్ధతుల్లో ఒకటని మొన్న పన్నెండో పేజీలో నేనే రాశాను. మా ఇంటి సీటు అక్క వాడేసుకుంది. మరి నాకెలా వచ్చిందని ఒక్కనాడూ అడగలేదు. తెలివైనదాన్ని కాబట్టి ఇచ్చారనుకున్నాను. నలభై ఆరేళ్ళు అలాగే అనుకున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం

పన్నెండో పేజీ తీసి మళ్ళీ చదివాను.

నవంబరు 17, ఆదివారం

అక్క దగ్గరికి వెళ్ళాను. స్కర్టులకి కుచ్చులు పెడుతోంది. కాగితం చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, అప్పుడు నా చేతిరాత బాగుండేది కదే అంది.

ఎందుకు చేశావని ఏడ్చాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించలేదే, పేరు నాకు అన్నం పెడుతుందా, సీటు నీకు పెడుతుంది, ఆ మాత్రం లెక్కలు నాకొచ్చు, ఫస్టు వచ్చింది ఊరికే కాదు అంది. బోర్డెక్కి కూర్చుంటే నువ్విప్పుడు నా పక్కన కాజాలు కుట్టుకుంటూ ఉండేదానివి అని నవ్వింది కూడా.

కాసేపు మిషన్ తొక్కింది. తర్వాత తల ఎత్తకుండానే, ప్రతి ఏడూ అందరితో పాటు లేచి నిలబడతావు కదా, ఒక్కసారైనా కూర్చోవాలనిపించలేదా నీకు అంది.

ఈసారి నీ పేరు రాయిస్తాను అన్నాను. ఏదో ఒకటి అనాలిగా.

వద్దంటుందనుకున్నాను. అనలేదు. గుమ్మం దాకా వచ్చి, ఇంటిపేరు ముందు రాస్తారా, వెనకా అని అడిగింది.

నవంబరు 25, సోమవారం

చాప్టర్ కరస్పాండెంటు గారికి ఇచ్చేశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. అక్క పేరు, మార్కులు, సెకండు ఎవరు, అన్నీ. రుజువుగా ఆ కాగితం కూడా జతచేశాను. చాలా ఏళ్ళకి నిద్ర బాగా పట్టేటట్టు ఉంది.

నవంబరు 28, గురువారం

కరస్పాండెంటు గారు పిలిపించారు. కూర్చోమన్నారు. టీ తెప్పించారు. నాకప్పుడే అర్థమైంది.

మీ అక్కగారంటే నాకెంత గౌరవమో మీకు తెలీదు మేడం, లెక్కల్లో నేనావిడ ముందు ఎప్పుడూ నిలవలేదు అన్నారు. నిజంగానే అన్నారు, అదే నా ఒళ్ళు మండించింది. తర్వాత గొంతు తగ్గించి, కానీ సంతకం ఆవిడదే కదా, ఆవిడ వద్దన్నదే కదా మనం పాటించాం అన్నారు. పైగా ఆ సీటు రూలు దాటి ఇచ్చింది, ఆ ఫైలు తెరిస్తే మీ అడ్మిషన్ దగ్గర్నుంచి ఉద్యోగం దాకా అన్నీ తవ్వాలి, ఏప్రిల్లో రిటైర్మెంటు పెట్టుకుని మీకెందుకీ తలనొప్పి అన్నారు. పిల్లలు ఆ కుర్రాడి కథ విని ఏడుస్తారు మేడం, ఆ కథ తీసేస్తే వాళ్ళకి మనం ఏమిస్తాం అని కూడా అన్నారు.

టీ తాగాను. చల్లారనివ్వకుండా తాగాను.

లేచేటప్పుడు ఆ కాగితం అడిగితే, సేఫ్‌లో భద్రంగా ఉంటుందిలెండి అన్నారు. రికార్డు రూము తాళం కూడా ఆయనే తీసుకున్నారు. ఏ కాగితమైనా నకలు తీసుకోనిదే చెయ్యి దాటనివ్వకండర్రా అని ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి చెప్పాను. నేను మాత్రం అసలుదే పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

నవంబరు 29

ఖాళీ వరస గురించి రాసిన రెండు పేజీలూ మార్చి ఇచ్చాను. కుర్రాడు నాలుగోసారి చచ్చాడు. ఈసారి నా చేతుల్లో.

డిసెంబరు 9, సోమవారం

పలక బిగించారు. నాలుగు స్క్రూలు. వడ్రంగి గట్టిగా తిప్పుతుంటే పక్కన నిలబడి, కాస్త ఎడమ వైపు పైకి అని చెప్పింది నేనే. వంకరగా ఉంటే చూడలేను.

అక్కకి చెప్పడానికి వెళ్ళాను. నోరు తెరవకముందే ముఖం చూసి కనిపెట్టేసింది. పోనీలే, ఇంటిపేరు ఎక్కడ రాయాలన్న గొడవ తప్పింది అంది. దారం పళ్ళతో తుంచుతూ అంది. నాకు కళ్ళెత్తి చూసే ధైర్యం లేకపోయింది.

యూనిఫాంలు కుట్టే మనిషి కాబట్టి ఆవిడకీ ఇన్విటేషన్ వచ్చింది. వస్తానంది. గంట కొట్టే పని మానేశాక ఫౌండర్స్ డేకి ఒక్కసారీ రాలేదు.

డిసెంబరు 14, శనివారం

అక్క వచ్చింది. చివరి వరసలో నా పక్కన కుర్చీ. ప్రార్థన అయింది. పన్నెండు వందల మంది లేచారు. కరస్పాండెంటు గారు కళ్ళు మూసుకున్నారు. నేనూ లేచాను. నా కాళ్ళు నన్నడగలేదు.

అక్క లేవలేదు. వెన్ను నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నిలబడ్డ మా అందరి మధ్యా కూర్చుని ఉంది.

డ్రిల్లు మాస్టరు వంగి వచ్చి, ఆమెని లేవమనండి మేడం, గౌరవం ఇవ్వాలి కదా అని గుసగుసలాడాడు. ఆవిడ కూర్చోవాలండీ అన్నాను. ఎందుకని అడిగాడు.

మోకాళ్ళ నొప్పులని చెప్పాను.