అక్క పాత బట్టలు

మార్చి 3, ఆదివారం

బట్టల బీరువా తలుపు ఊడి చేతికొచ్చింది. పై బందు స్క్రూలతో సహా లేచిపోయింది. మా ఆయన దాన్ని పట్టుకుని కాసేపు నిలబడి, ఇది తలుపు తప్పు కాదు, లోపలున్న జనాభా తప్పు అన్నాడు. నాకు నవ్వు రాలేదు. తలుపును గోడకి ఆనించాం.

మార్చి 4, సోమవారం, ఉదయం 7

డ్యూటీకి వెళ్లబోతుంటే వడ్రంగి వచ్చాడు. బిగించడం పది నిమిషాల పనేనట. ముందు సగం బట్టలు తీసెయ్యమన్నాడు. లేకపోతే నెలకోసారి తనని పిలవాల్సి వస్తుందట. ఉప్పు తగ్గించమనే డాక్టరులా చెప్పి, శనివారం వస్తానని వెళ్లిపోయాడు.

మార్చి 6, బుధవారం

ఈ రోజు సెలవు. అన్నీ తీసి మంచం మీద పోశాను. ఉంచేవి ఒక కుప్ప, ఇచ్చేసేవి ఒక కుప్ప, తేల్చుకోలేనివి ఒక కుప్ప. మూడోది మంచం దిగి నేల మీదికి పాకింది.

విసుగొచ్చి, పోనీ నేను కొనుక్కున్నవి పక్కన పెడదామనుకున్నాను. ఆరు తేలాయి. నాలుగు ఆస్పత్రి యూనిఫాంలు, ఒక రెయిన్‌కోటు, ఒక నైటీ. నాకు నలభై మూడేళ్లు. మిగతావన్నీ అక్క ఇచ్చినవే.

దీనికి మూలం నేనే. నాన్న పోయిన ఏడాది, నాకు పదహారేళ్లప్పుడు, కొత్తగా పెళ్లయిన అక్క నా కోసం ఒక కోటు కొని తెచ్చింది. నీ అత్తింటి సొమ్ముతో నాకేమీ కొనొద్దు, నీకు పాతబడినవి ఉంటే ఇవ్వు చాలు అని ఆ కోటు తిరిగిచ్చేశాను. వట్టి పొగరు. అప్పట్నుంచీ మూడు నెలలకో సంచి వస్తోంది. ఇవి నాకు బిగుతయ్యాయే పిట్టా, నువ్వు వేసుకో అంటుంది. వేసుకుంటాను. అన్నీ మట్టి రంగు, బూడిద రంగు, వెలిసిన నీలం. అక్కకి ఇలాంటివే ఇష్టం కాబోలు అనుకున్నాను. నాకు ఇష్టమా కాదా అని ఎప్పుడూ అనుకోలేదు.

అదే రోజు, సాయంత్రం 5

గోధుమరంగు కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను, ఉంచాలా వద్దా అని. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. ఇంకో చొక్కా వేసి చూశాను. అదీ అంతే. ఇంకొకటి. అదీ అంతే.

అక్క నాకంటే ఒక తల పొడుగు. నాకు రెండింతల మనిషి.

మంచం మీద చోటు లేక నేల మీదే కూలబడ్డాను. రోజంతా జనం ఎముకలకి ఎక్స్‌రేలు తీసే మనిషిని. అక్క భుజమూ నా భుజమూ ఒకటి కావని ఇరవై ఏడేళ్లు కనిపించలేదు.

మార్చి 7, గురువారం

పనిలో ధ్యాస లేదు. ఒక పెద్దాయనకి ఛాతీ ఎక్స్‌రే తీస్తూ ఊపిరి బిగబట్టమన్నాను. వదలమనడం మర్చిపోయాను. పాపం, మొహం ఎర్రబడేదాకా బిగబట్టే ఉన్నాడు.

మార్చి 8, శుక్రవారం

అక్క ఫోన్ చేసింది. ఆదివారం వస్తుందట, ఒక సంచి ఉందట. సరే అన్నాను.

మార్చి 9, శనివారం

వడ్రంగి తలుపు బిగించాడు. వేలితో తోస్తే మూసుకుంటోంది. తన పనికి తనే ముచ్చటపడి నాలుగైదుసార్లు తెరిచి మూశాడు. ఇచ్చేసేవి ఆరు సంచులు, హాల్లో ఉన్నాయి. రేపు అక్క వచ్చి వెళ్లేదాకా వాటిని వంటింటి వెనక దాచేద్దాం అన్నాడు మా ఆయన. ఒక సంచి ఎత్తాను కూడా. మళ్లీ దించేశాను.

మార్చి 10, ఆదివారం

అక్క వచ్చింది. హాల్లోకి అడుగు పెట్టగానే సంచుల్లోంచి తొంగిచూస్తున్న గోధుమరంగు కోటును గుర్తుపట్టింది. చేతిలో సంచి కింద పెట్టింది కానీ కూర్చోలేదు. నచ్చలేదా అంది. అంత చిన్న గొంతు అక్కకి ఉందని నాకు తెలీదు. మా ఆయన ఏదో పనున్నట్టు బయటికి జారుకున్నాడు.

కోటు తీసి చేతికిచ్చి, ఒకసారి వేసుకో అక్కా అన్నాను.

ఎందుకే అంది. వేసుకో అన్నాను.

ఒక చెయ్యి దూర్చింది. మోచెయ్యి దగ్గర ఇరుక్కుంది. ముందుకీ రాదు, వెనక్కీ రాదు. అలాగే నిలబడిపోయింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని దగ్గరికెళ్లాను. నవ్వుతోంది. తర్వాత ఏడ్చింది. కోటు లాగి తీస్తూ నేనూ ఏడ్చాను.

అప్పుడు చెప్పింది. అన్నీ నా సైజులో కొత్తవే కొనేదట. లేబుళ్లు కత్తిరించి, మూడు నాలుగుసార్లు ఉతికి, కాలర్లు నలిపి తెచ్చేదట. మోచేతుల దగ్గర బ్రష్‌తో రుద్దడం బావగారి వంతు. ఒకసారి ఏకంగా చిరిగేదాకా రుద్దారట. దాన్ని నేను కుట్టుకుని మరీ వేసుకున్నాను.

మరి ఈ రంగులేంటి అని అడిగాను.

“మంచి రంగులు ఎంత ఉతికినా పాతబడవే. నీకు ఎరుపు కొనాలని నాకు మాత్రం ఉండదా?”

నేను ఆ రోజు అన్న మాటకి క్షమించమన్నాను. పదహారేళ్ల పిల్ల మాట పట్టుకుని నేనే ఇన్నాళ్లు వేలాడానులే అంది. తర్వాత, అయితే ఇక కొనక్కర్లేదా అని అడిగింది. అక్కర్లేదన్నాను.

“అమ్మయ్య” అంది. సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చుంది. దొరికిపోతానేమోనని కొన్న ప్రతిసారీ భయమేనట.

ఈ రోజు తెచ్చిన సంచి తెరిచాం. ఎలుకరంగు స్వెటరు. దాన్ని నేరుగా ఏడో సంచి చేశాం. ఇన్నేళ్లుగా ఇచ్చినవాటిలో మూడు చొక్కాలు మాత్రం ఉంచుకున్నాను. అవి నిజంగా బాగున్నాయి, ఆ మాట అక్కకి చెప్పాను.

మార్చి 12, మంగళవారం

సంచులన్నీ ఎమర్జెన్సీ వార్డులో ఇచ్చాను. ప్రమాదాల్లో దెబ్బలు తగిలి వచ్చినవాళ్ల బట్టలు అక్కడ కత్తెరతో కోసేస్తారు. ఇంటికెళ్లేటప్పుడు కట్టుకోవడానికేమీ ఉండదు. హెడ్ నర్సు నన్ను కౌగలించుకున్నంత పని చేసింది. మధ్యాహ్నం చేతికి కట్టుతో ఒకావిడ నా బూడిద రంగు చొక్కాలో కారిడార్ దాటి వెళ్లింది. నాకంటే ఆవిడకే బాగుంది.

మార్చి 16, శనివారం

ఒక్కదాన్నే బట్టల కొట్టుకి వెళ్లాను. ఏ రంగు కావాలని అడిగితే తెలీదన్నాను. గంటన్నర తర్వాత ఒక నారింజ రంగు చొక్కా కొన్నాను. నాకు బొత్తిగా నప్పలేదు. వేసుకునే ఇంటికొచ్చాను.