చక్రాలు తీసేసిన కుర్చీ

నా మీద అలిగిన అక్కకి,

ఈ ఉత్తరం చించెయ్యకు. ఫోను చేస్తే ఎత్తవు, పొరపాటున ఎత్తినా నా గొంతు వినగానే పెట్టేస్తావు. "చెప్పుకునేదేమైనా ఉంటే కాగితం మీద చెప్పుకోమను" అని నీ మరదలితో అన్నావట. సరే, చెప్పుకుంటున్నాను. రెండేళ్ళుగా మింగలేక కక్కలేక గొంతులో పెట్టుకున్న సంగతి ఇది.

బావ పోయిన రోజు నేను మీ గడప తొక్కలేదు. బావని కిందికి దించాక, గేటు దగ్గరే ముఖం చూశాను. అంతకు ముందు ఏడాది మీ ఇంట్లో భోజనాల దగ్గర బావ నన్ను చూసి, "ఏమోయ్ బామ్మర్దీ, కుర్చీకి చక్రాలుండగా నీకు కాళ్ళెందుకోయ్, దండగ!" అని నవ్వాడు. నేను సగం తిని చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఆ మాట మనసులో పెట్టుకుని చావులో కూడా పంతం పట్టానని నువ్వు అనుకున్నావు. చుట్టాలందరూ అదే అనుకున్నారు. నేను అనుకోనిచ్చాను. ఎందుకంటే పంతంలో కాస్తో కూస్తో పరువుంది. నిజంలో అది కూడా లేదు.

నేను ఎక్కలేకపోయానక్కా.

మీ నాలుగో అంతస్తుకి లిఫ్టు లేదు. మెట్లు డెబ్బై రెండు. ఆ రోజు ఇరవై ఏడు ఎక్కాను. ఇరవై ఎనిమిదో దాని మీద కాలు పెట్టగానే మోకాలు మడతపడిపోయింది. గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. పైనుంచి నీ ఏడుపు వినబడుతోంది. నన్ను దాటుకుని వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తుంటే ఫోను చెవికి ఆనించుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించాను. బావకి చదువు చెప్పిన మేష్టారు, ఎనభై దాటిన మనిషి, చేతికర్ర పొడుచుకుంటూ నన్ను దాటి ఎక్కిపోయాడు. నాకింకా యాభై నిండలేదు. చివరికి కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే, ఒక్కో మెట్టూ జరుగుతూ కిందికొచ్చాను. ఇది నీ మరదలికి ఒక్కదానికే తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.

చిన్నప్పుడు నన్ను ఉడత అనేదానివి గుర్తుందా? ఒకచోట నిలవడు వీడు, ఉడతలా ఆ గోడ మీంచి ఈ గోడ మీదికి దూకుతాడని. ఆ ఉడత ఇరవై రెండేళ్ళుగా ఒకే గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు చేస్తోంది. మైనం, స్పిరిట్ దీపం, దవడ అచ్చులు, చెక్కే పనిముట్లు, అన్నీ చేతికందేలా అమర్చుకున్నాను. అందనిది ఏదైనా ఉంటే, కుర్చీకి అయిదు చక్రాలున్నాయి, కాలితో ఒక్క తన్ను తన్నితే ఆ మూలకి దొర్లిపోతాను. ఎంత తెలివైనవాణ్ణో అనుకునేవాణ్ణి. ఇంటి గుమ్మంలో బండెక్కి ల్యాబు గుమ్మంలో దిగడం, సాయంత్రం వచ్చి సోఫాలో పడటం. కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు. ముందు కాళ్ళు కరుగుతాయని ఎవరూ చెప్పలేదు.

కిందటి నెల స్నానాల గదిలో చిన్న స్టూలు మీద కూర్చుని లేవలేకపోయాను. నీ మరదలు వచ్చి చంకల్లో చేతులు వేసి లేపింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. మర్నాడు ఎముకల డాక్టరు ఫొటోలు తీయించి, "ఎముకలు బంగారంలా ఉన్నాయి. బంగారంలాగే వాడకుండా బీరువాలో దాచుకున్నారు" అని ఫిజియోథెరపీకి పంపాడు.

అక్కడ ఒకావిడ. మనిషి నా భుజం దాకా రాదు గానీ గొంతు మాత్రం వీధి చివరికి వినబడుతుంది. గోడవారన కుర్చీలో కూర్చోబెట్టి, "అర నిమిషంలో చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు లేస్తారో చూద్దామండీ" అంది. ఒక్కసారి కూడా లేవలేకపోయాను. "సరే, రెండు చేతులూ ఆనించండి. మొదటిరోజుకి అనుమతి ఉంది" అంది. మూడుసార్లు లేచాను. నవ్వుతుందేమో అనుకున్నాను. "మూడు" అని కాగితం మీద రాసుకుని, "మూడంటే సున్నా కాదండీ. ఇంతకీ మీరు ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగింది. బరువు తగ్గాలి, నొప్పి పోవాలి లాంటిదేదో చెబుదామని నోరు తెరిచాను. "డెబ్బై రెండు మెట్లు" అని వచ్చింది.

క్షమించమని ఈ కాగితం మీద అడగను. అడిగేదేదో మీ గుమ్మంలో నిలబడి అడుగుతాను.

ఒకప్పటి
ఉడత


ఉత్తరాలకి జవాబివ్వని అక్కకి,

రెండు నెలలైంది. నువ్వు రాయకపోయినా నేను రాస్తాను. ఈ విషయాలు ఇంకెవరికి చెప్పినా, ఆ మాత్రానికేనా అంటారు.

ఫిజియోగారు నా పనిగది ఫొటో తెమ్మంది. చూసి పడీపడీ నవ్వింది. "ఇంత కష్టపడి మీ కాళ్ళని ఉద్యోగంలోంచి తీసేశారన్నమాట! ముందు ఆ చక్రాలు పీకెయ్యండి" అంది. నీ మరదలు ఎన్నేళ్ళ కసి తీర్చుకుందో ఏమో, తనే వచ్చి అయిదు చక్రాలూ విప్పి సంచిలో వేసుకుని పట్టుకుపోయింది. దీపం కిటికీ దగ్గరికి, ప్లాస్టరు తలుపు మూలకి, పళ్ళ పెట్టెలు ఎదుటి గోడకి వెళ్ళాయి. ఒక దవడ పూర్తయ్యేలోపు ముప్ఫైసార్లు లేవాలి. మొదటి వారం ఆవిణ్ణి తిట్టని తిట్టు లేదు, లోపల్లోపలే. ఆవిడ ముందు మాత్రం నోట్లో నాలుక లేనట్టు ఉంటాను.

అక్కా, నా పనిలో నాకు మొదటి నుంచీ తెలిసిన సంగతొకటుంది. పన్ను ఊడిపోయిన చోట, నమిలే ఒత్తిడి లేక, దవడ ఎముక నెమ్మదిగా కరిగిపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఎంత కరిగిందో అచ్చు తీస్తే తెలుస్తుంది. అలాంటి అచ్చులు వేలకొద్దీ ఈ చేతులతో పట్టుకున్నాను. పని చెప్పకపోతే ఒళ్ళు పోతుందని అన్నేళ్ళు చేతిలో పెట్టుకుని చూస్తూ, నా కింద నా కాళ్ళు పోతున్నాయని ఒక్కనాడూ తోచలేదు. ఈ మాట ఫిజియోగారితో అని, "దవడ ఎముక కరిగితే మళ్ళీ రాదండీ" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నా తొడ మీద, మోకాలికి కాస్త పైన, పెట్టింది. "కాలు చాపి బిగించండి. కండ వేరండీ. దీనికి పని చెప్పండి, మళ్ళీ వస్తుంది" అంది.

బిగించాను. నా అరచేతి కింద ఏదో లేచింది. చిన్నది, గట్టిది. నాది! అన్నాళ్ళు నేను పట్టించుకోకపోయినా, పిలవగానే పలికింది. అలిగి కూర్చోలేదు. నేనైతే అలిగేవాణ్ణి. నువ్వైతే సరేసరి.

చేతులు ఆనించకుండా మొదటిసారి లేచిన రోజు ఆ గదిలోనే ఏడ్చాను. "ఇల్లు అలకగానే పండగ కాదండీ" అంది ఆవిడ, కానీ తనూ నవ్వింది. నిజమే. ఆ ఉత్సాహంలో, చెప్పొద్దన్నా వినకుండా, ల్యాబు పై అంతస్తులకి వెళ్ళే నలభై మెట్లూ ఒకే దమ్మున ఎక్కి దిగాను. ఎడమ మోకాలు బూరెలా పొంగింది. ఆవిడ పెట్టిన చీవాట్లకి పక్క గదిలో పేషెంట్లు కూడా నిటారుగా కూర్చున్నారు. పది రోజులు పోయాయి. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాను.

ఇప్పుడు ల్యాబుకి నడిచి వెళుతున్నాను. పదకొండు నిమిషాలు. మా వీధికి వాలు ఉందక్కా! పొద్దున దిగుడు, సాయంత్రం ఎగుడు. ఇరవై రెండేళ్ళు బండి మీద తిరిగి కూడా నాకు తెలియలేదు. నా పిక్కలు చెప్పాయి. వీధి మధ్యలో నిలబడిపోయి వెనక్కీ ముందుకీ చూశాను. ఎవరో హారన్ కొట్టి తిట్టిపోయారు. ఈ భూమి నా కాళ్ళ కింద ఇలా వంగి ఉందా అని నేను నోరు తెరుచుకుని చూస్తూనే ఉన్నాను.

అర నిమిషంలో తొమ్మిది. చేతులు లేకుండా.

సగం
ఉడత


ఒరేయ్,

రాస్తే ఇంకా రెచ్చిపోతావని ఊరుకున్నాను. ఊరుకుంటే నిజంగానే వచ్చేలా ఉన్నావు. అందుకని రాస్తున్నాను.

ఆ ఇరవై ఎనిమిదో మెట్టు సంగతి చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ మాటేదో అప్పుడే అని ఏడవొచ్చు కదరా వెధవా. ఆ భోజనాల రోజు నువ్వు చెయ్యి కడుక్కుని వెళ్ళాక మీ బావ చాలాసేపు బాధపడ్డారు. "వాడు మెట్లెక్కి వచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయే, నాకు భయమేసింది. భయాన్ని నవ్వులాటలో పెట్టి అన్నాను, తప్పైపోయింది" అన్నారు. నీకు చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఇంతలో ఆయనే లేకుండా పోయారు.

ఇప్పుడు నా సంగతి విను. ఆయన్ని దించుకుపోయిన మెట్లు నేను మళ్ళీ దిగలేదు. మొదట దిగబుద్ధి కాలేదు. ఇప్పుడు దిగలేను. గోడలు పట్టుకుని ఇంట్లో తిరుగుతాను. వంటయ్యాక వరండా కిటికీ పక్కన ఆయన కుర్చీలో పడితే మళ్ళీ వంటకే లేవడం. కూరలకి వరండా గోడ మీంచి తాడుతో బుట్ట దించుతాను, కిందింటావిడ వేసి పంపుతుంది. తమ్ముడి మీద కోపంతో వాడి గడప తొక్కడం లేదని అందరూ అనుకుంటున్నారు. నేనూ అనుకోనిచ్చాను. నీ అక్కనే కదా.

ఆ కుర్చీలో కూర్చుంటే మెట్ల మీద ఎవరి అడుగులైనా వినబడతాయి. ఎవరూ ఇక్కడి దాకా రారు.

నువ్వు ఎక్కొద్దు. మధ్యలో పడితే లేపడానికి నేను రాలేను. ఉత్తరాలు రాసుకుందాం, చాలు.

అక్క


కిందికి రాలేని అక్కకి,

పెన్సిలుతో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. ఇది మీ మొదటి అంతస్తు. పద్దెనిమిది మెట్లు. నీ మరదలు గేటు దగ్గర గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. ఫిజియోగారు నాలుగు నెలల తర్వాత నిన్ననే సరేనంది. "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ప్రతి అంతస్తులోనూ ఆగాలి. పోటీకి వెళ్ళడం లేదు మీరు" అంది.

ఇరవై ఏడు. ఇక్కడే అక్కా. ఆ గోడ మీద నేను పట్టుకున్న చోటు నాకు తెలుసు. అరచేయి పెట్టి చూశాను, చల్లగా ఉంది. ఇరవై ఎనిమిదో మెట్టు మిగతా వాటిలాగే ఉంది, ఎత్తు కూడా అంతే. కుడి కాలు పెట్టాను. తొడలో అదే, ఆ గట్టిది, లేచింది. నన్ను మొత్తంగా, ఇంత మనిషిని, పైకి పెట్టింది. ఒక మెట్టు మీద మనిషిని నిలబెట్టడమంటే ఎంత పనో, అందరూ దాన్ని చూడకుండా చేసేస్తున్నారు!

మూడో అంతస్తు. యాభై నాలుగు. ఆయాసంగా ఉంది. భయం లేదు. బావ మాటలు తలుచుకుంటున్నాను. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. రెండూ ఒకేసారి వస్తే ఊపిరి అందదు, కాసేపు ఆగుతాను. నీకు నా అడుగులు వినబడుతూనే ఉంటాయి. ఎవరబ్బా ఇంత మెల్లగా అనుకుంటూ ఉంటావు.

డెబ్బై రెండు.

మీ వరండాలో ఉన్నాను. తెర పక్కకి జరపకు. కిటికీ ఊచల్లోంచి ఈ కాగితం నీ ఒళ్ళో వేస్తాను. బావ పోయిన రోజు రాలేకపోయాను, నన్ను క్షమించు. ఇది కాగితం మీద అడగనన్నాను కదా, అందుకే మళ్ళీ నీ ఎదురుగా అడుగుతాను. గురువారం ఫిజియోగారు వస్తుంది, నీ కోసం డెబ్బై రెండు మెట్లూ ఎక్కి. ఆవిడ ఎక్కడికి వెళ్ళాలని అడుగుతుంది, ఏం చెబుతావో ఆలోచించి పెట్టుకో.

తలుపు మాత్రం ఇప్పుడు నువ్వే తియ్యాలి. పాదాలు కాస్త వెనక్కి లాక్కో. ముందుకి వంగు. రెండు చేతులూ ఆనించు, మొదటిరోజుకి అనుమతి ఉంది. తొందరేం లేదక్కా. పది నిమిషాలు పట్టినా, పూట పట్టినా సరే. ఇక్కడ వరండాలో మీ స్టూలు ఉంది.

నేను కూర్చోను.

ఉడత