అర్థమయ్యాకే వేలిముద్ర

ప్రిన్సిపాల్ గారికి,

నేను ఫిజిక్స్ విభాగంలో నేల తుడిచే మనిషిని. వయసు డెబ్భై, ఇంట్లో నేనూ మా చెల్లెలూ. చదువు రాదు కనుక చెప్పి రాయిస్తున్నాను.

మా ప్రొఫెసర్ బాబుగారు మామూలు జనం కోసం పత్రికకు రాసే ఫిజిక్స్ సంగతులు ముందు నాకు చదివి వినిపిస్తారు. నాకు అర్థం కానిది కొట్టేసి మళ్ళీ రాస్తారు. నిన్న మీ కాలేజీ కమిటీ పెద్దమనిషి బాబుగారితో, "తుడిచేదానికి కూడా అర్థమయ్యేది ఫిజిక్సేంటయ్యా, ఇక ఆపెయ్" అన్నాడు. నేనక్కడే ఆయన గ్లాసు కింద తడి తుడుస్తున్నాను.

"చల్లనీళ్ళ గ్లాసుకి బయట చెమటెందుకు పడుతుందయ్యా?" అని అడిగాను. పావుగంట చెప్పాడు. పక్కవాళ్ళకీ ఎక్కలేదు. గాలిలో తడి చల్లదనం తగిలి నీరవుతుందని బాబుగారు ఒక్క ముక్కలో రాశారు. ఆయన రాత ఆపించకండి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. అర్థమయ్యాకే వేలిముద్ర వేశాను.

సాక్షులు: గేటు వాచ్‌మన్, క్యాంటీన్ వంటామె. వాళ్ళకీ అర్థమైంది.