టైపు మిషన్లు ఇవ్వను

అమీర్‌పేట,
12 జూన్ 2003

అన్నకు నమస్కారం.

నువ్వు పంపిన పాత ఇనుము వ్యాపారి నిన్న మన టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. నాకు చెప్పకుండానే మిషన్లు అతనికి అమ్మి, గదిని కంప్యూటర్ కోచింగ్ వాళ్లకు ఇస్తున్నావట.

అతను వచ్చేసరికి నా దగ్గర నేర్చుకుంటున్న ఫౌజియా టైపు చేస్తోంది. భర్త చనిపోయాక ఆయన ఆఫీసులోనే ఆమెకు ఉద్యోగమిచ్చారు. వచ్చే నెల తెలుగు టైపు పరీక్ష పాసైతేనే అది నిలుస్తుంది.

“మైత్రీవనంల అందరు కంప్యూటరే నేర్చుకుంటుండ్రు. గీ డబ్బాలెందుకమ్మా?” అంటూ అతను ఆమె మిషన్ మీద చెయ్యి వేశాడు.

ఫౌజియా కుర్చీలోంచి లేవలేదు. “పరీక్ష గీ మిషన్ మీదనే పెడ్తరు భాయ్. జర చెయ్యి తియ్యి,” అంది.

ఇన్నేళ్లూ నీ ముందు నోరెత్తని నాకు ఆమెను చూస్తే సిగ్గేసింది. అతన్ని వెనక్కి పంపి, తలుపుకు కొత్త తాళం వేశాను.

గది నీదే కావచ్చు. మిషన్లు నాన్న నాకిచ్చినవి. ఖాళీ చేయమంటే వాటిని బోరబండలో మా ఇంటి వరండాలో పెట్టుకుని నేర్పిస్తాను. పరీక్షకు ఎవరి మిషన్ వాళ్లే తెచ్చుకోవాలి కాబట్టి, ఆ రోజు ఫౌజియా మిషన్‌ను సెంటర్‌కు నేనే ఆటోలో తీసుకెళ్తాను.

ఈ ఉత్తరం కూడా మిషన్ మీదే కొట్టాను. కొన్ని ఒత్తులు సరిగా పడలేదు. మాటలు మాత్రం నేను అనుకున్నవే.

నీ చెల్లెలు