ఇంటి పసుపు

మార్చి 4

పసుపు కొమ్ముల పాలిష్ పని అయిపోయింది. మార్కెట్‌కు పోయే కొమ్ములకు డ్రమ్ములో రంగు పొడి వేస్తారు. వెయ్యకపోతే వ్యాపారి కన్నెత్తి చూడడని ఆయన అంటారు. ఇంటికి మాత్రం రంగు తగలని బస్తా ఒకటి విడిగా. పెళ్ళయి ఎడపల్లి వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఆ బస్తా మర పట్టించాం. పక్కింటి గంగమణక్కకూ రెండు కిలోలు ఇచ్చాను.

మార్చి 19

మా పాప సాహిత్యకు జలుబు. ఆరేళ్ళ పిల్ల, సిరప్ అంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. పాలలో పసుపు, మిరియాల పొడి, పటికబెల్లం వేసి ఇస్తే గటగటా తాగేసింది. ఈసారి పసుపు ఎంత రంగుందో! అత్తయ్యా నేనూ మురిసిపోయాం.

ఏప్రిల్ 16

కడుపునొప్పి అంటోంది. వాము నమిలించాను, జీలకర్ర కషాయం పట్టించాను. తగ్గలేదు. పసుపు రక్తాన్ని శుభ్రం చేస్తుందని అత్తయ్య అంటే పసుపు పాలు రెండు పూటలా చేశాను.

మే 2

అన్నం ముట్టడం లేదు.

మే 11

వచ్చిన ఎక్కాలు మర్చిపోతోంది. అడిగితే ఏడుపు. ముఖం పాలిపోయింది. టౌనుకు తీసుకెళ్తే కంఠేశ్వర్‌లో డాక్టర్ బ్లడ్ టెస్ట్ రాశాడు. ఇంట్లో పాత బ్యాటరీలు, పెయింట్లు ఉన్నాయా అన్నాడు. మా ఇంట్లో అన్నీ నేచురల్ అని గొప్పగా చెప్పాను.

మే 18

రక్తంలో సీసం ఉందట. రోజూ తినేవన్నీ డాక్టర్ ఒక్కొక్కటే అడిగాడు. పసుపు దగ్గర ఆగాడు. కొమ్ములకు వేసే రంగు పొడిలో సీసం ఉంటుందట.

ఇంటికొచ్చి లింబయ్యను పిలిచాను. ఇరవై ఏళ్ళుగా డ్రమ్ము పనంతా అతనిదే. చిన్నబిడ్డ తాగే పసుపు గట్ల మసకగ ఎందుకుండాలె, జర మంచిగ కనవడాలెనని మీ బస్తాకు గూడ రెండు పిడికిళ్ళు ఏసిన అమ్మా, అన్నాడు. మెచ్చుకుంటాననుకున్నాడు పాపం.

అతన్ని తిట్టి ఏం లాభం? ముఖం తెలియని పిల్లలకు అదే పొడి వేసి పంపుతున్నది మేమేగా. నా బిడ్డ నోటికి రెండు పూటలా గ్లాసు ఆనించింది నేను.

మే 19

ఆయనతో పెద్ద గొడవ. విషయం బయటికి పొక్కితే మన కొమ్ము ఎవడూ కొనడట. పాప మెల్లగా కోలుకుంటుందని డాక్టర్ చెప్పాడుగా, ఇక నోరెత్తొద్దన్నారు. ఎత్తలేదు. డబ్బాలో మిగిలింది గొయ్యి తీసి పాతిపెట్టాను.

గంగమణక్కకు చెప్పాలి. రేపు.

జూన్ 3

గంగమణక్క గోడ మీంచి పిలిచింది. మనవరాలికి వారం నుంచి కడుపునొప్పట. మీ పసుపే పాలల్ల ఏసి తాపుతున్న, ఇంకో కిలో ఉంటదా అని అడిగింది.

అయిపోయిందన్నాను.

అయితే ఉన్నదాంతోనే సర్దుకుంటానంది. తలూపాను.