డ్రమ్స్ పక్కన నీ కుర్చీ

డేవిడన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ పూతలపట్టులో ఒక పెళ్లికి మన ఆర్కెస్ట్రాలో నీ గిటార్ నేను వాయించాను. వెల్డింగ్ షాపు నుంచి నేరుగా వెళ్లాను. డ్రమ్మర్ ఖాదరన్న నీ కుర్చీ మీద తువ్వాలు పరిచి, ఎవరినీ కూర్చోనివ్వడు. నిలబడే వాయించాను. నువ్వు పోయావన్న కోపమంతా తీగల మీద చూపించాను.

"సూడబ్బా, డేవిడు ఉన్నాడే, ఆయప్ప సినిమా పాటలో కూడా జాజ్ వాయిస్తా మా అందరికీ వాయించేదానికి సందిచ్చేవాడు. నువ్వు షట్టర్ మూసినట్టు వాయిస్తాండావే!" అని ఖాదరన్న కసిరాడు.

ఆయన అన్నది నిజమే, అందుకే ఒళ్లు మండింది. నువ్వు బొటనవేలితో రెండు స్వరాలు మీటి, ఆగి, కీబోర్డు మీద మేరక్క వాయించేది తల వంచి వినడం గుర్తొచ్చింది. తర్వాతి పాటలో నేనూ అలాగే రెండు స్వరాలు మీటి ఆగాను. ఖాదరన్న కర్రలు పక్కనపెట్టి, డ్రమ్ము మీద మెల్లగా బ్రష్షులు తిప్పాడు. మేరక్క నవ్వుతూ అందుకుంది.

పాటయ్యాక ఖాదరన్నే తువ్వాలు తీశాడు.

"కూసో" అన్నాడు.