మల్లిక ఆఫీసులో పెట్టిన ముద్ద

సోమవారం రాత్రి, కల్లూరు

ఈ రోజు నా మనవరాలు మల్లిక ఉద్యోగంలో చేరింది. పుట్టినప్పటి నుంచీ చూపు లేని పిల్లకు సర్కారు ఆఫీసులో కుర్చీ వచ్చిందంటే సంతోషపడాలి. నాకు మాత్రం తెల్లవారింది మొదలు దిగులే. షేర్ ఆటోలో వెంటపోయి ఆఫీసు వరండాలో కూర్చున్నాను.

మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పేసరికి ఆగలేకపోయాను. లోపలికి పోయి సంగటి తుంచి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడిలో అద్ది, ఇంట్లో మాదిరే దాని చేతిలో పెట్టాను. పక్క సీటామె చూసింది.

"ఏం జేజీ, రేపు ఫైళ్లు గూడా ముద్దలు చేసి పెడతావా?"

అందరూ నవ్వారు. మల్లిక కూడా నవ్వింది గానీ, ఆ ముద్ద తినకుండా గిన్నెలో పెట్టేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"రేపట్నుంచి నువ్వు రావద్దు జేజీ. కోపం గాదు. నేను తినేది వాళ్లు చూడాల, నువ్వు తినిపించేది గాదు."

"రోడ్డు దాటేదెట్లమ్మీ?"

"హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరు దాటించినారు నన్ను?"

అదీ నిజమే. అప్పుడు నేను మా ఊరు వేంపల్లెలో ఉన్నాను, చూడలేదు.

ఇప్పుడు నిద్రపోతోంది. దాని ఉద్యోగం కోసం వచ్చిన ఈ కల్లూరులో నాకు తెలిసిన మనిషి అదొక్కతే. రేపు అది పోయాక సాయంత్రం దాకా నేనెవరితో మాట్లాడాలో అడుగుదామనుకుని నోరు మూసుకున్నాను. అడిగితే జాలిపడి మళ్లీ రమ్మంటుంది. రమ్మంటే నేను ఆగలేను...